రాతిలోపలి లోయ

(మన గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)

   

ఈ సభలో నన్ను మాటలాడుమని కార్యదర్శిగారు కోరినపుడు, నేను భారతమునుండియో భాగవతమునుండియో ఒక ఘట్టమును చెప్పుదునని వారు తలంచియుందురు. నేను కళాశాల గడప త్రొక్కినవాడను కాను. పగలెల్ల అడంగళ్లు వ్రాసి, ప్రొద్దు క్రుంకిన పిదప ఈ గ్రంథాలయపు బల్లమీద ఒకప్రక్క నిఘంటువును, ఒకప్రక్క కవిత్రయ భారతమును పెట్టుకొని అక్షరమక్షరము కూడబలుకుకొన్నవాడను. నా తప్పులు దిద్దిన గురువు ఈ బీరువాయే. ఐనను నేడు నేను చెప్పదలచినది భారతము కాదు. 2023 అక్టోబరు నెలలో నేను చూచివచ్చిన ఒక లోయను గూర్చి చెప్పెదను. అది అమెరికా దేశమున అరిజోనా రాష్ట్రపు ఈశాన్యమూల నున్నది. అమెరికా వెళ్లివచ్చినవాడు గొప్పలు చెప్పుకొనుటకు లేచెనని అనుకొనకుడు. గొప్ప చెప్పుకొనదగినది నాకచ్చట ఏమియు జరుగలేదు. నా వృత్తికి సంబంధించిన ఒక ముల్లు మాత్రము గ్రుచ్చుకొన్నది. దానిని మీ యెదుట చూపుటకే వచ్చితిని.

మా అమ్మాయియు అల్లుడును ఫీనిక్సు నగరమున నుందురు. ఎండలలో మన రెంటచింతలకు తీసిపోని ఊరు. నేను వెళ్లిన మొదటి వారము పగలు చేయుటకు పనిలేక, అచ్చటి నగర గ్రంథాలయమునకు పోవుచుంటిని. ఆ గ్రంథాలయ వైభవమును వర్ణించి మన కార్యదర్శిగారికి అసూయ కలిగింపను. అందొక దినమున, 1868 జూన్ 1వ తేదీని అమెరికా ప్రభుత్వమునకును నవాహో అను ఆదివాసి జాతికిని జరిగిన ఒడంబడిక ప్రతి నా చేతికి దొరకినది. ఆంగ్లమున నాకు గల పరిచయము అంతంతమాత్రమే. కాని దస్తావేజు ఏ భాషలో నున్నను దస్తావేజే. హద్దులు చదువుట నా వృత్తి. కావున నేరుగా హద్దుల ప్రకరణమునకు పోయితిని.

ఉత్తరపు హద్దు 37వ అక్షాంశరేఖ. దక్షిణపు హద్దు ఒక పాత కోట మీదుగా పోవు గీత. తూర్పు హద్దు ఒక ఊటబావిని తాకుచు పోవు గీత. పడమటి హద్దు సుమారు 109 డిగ్రీల 30 నిమిషముల రేఖాంశము. ఇంతవరకు బాగుగనే యున్నది. కాని పడమటి హద్దు దగ్గర ఒక షరతు. ఆ గీత ఎచ్చట పడినను సరే, ఒకానొక లోయయొక్క ముఖద్వారము దానిలోపలనే యుండవలెననియు, ఆ లోయ సమస్తమును ఈ భూమిలో చేరియుండవలెననియు వ్రాసినారు. మన దస్తావేజులలో సైతము ఇట్టి మాట యెచ్చటనైన కనబడినచో, అచ్చట ఎవరో పట్టుబట్టి కూర్చుండిరని నేను గ్రహింతును. నాలుగు దిక్కులు తీరుగా వ్రాసికొని పోవుచున్న వ్రాయసగాని చేయి, ఎవరి పట్టుదల లేకుండ ఒక లోయకొరకు ఆగదు. ఆ లోయ పేరు ఆంగ్లమున కాన్యన్ డి షే. నవాహోలు త్సేయీ అందురు. రాతిలోపల అని దాని యర్థము.

మా అల్లుడు, "మామయ్యగారూ, గ్రాండ్ కాన్యన్ చూపించెదను, ఇచ్చటికి వచ్చినవారందరును దానినే చూతురు" అనెను. నేను ఈ రాతిలోపలి లోయనే చూచెదనంటిని. పాపము, ఆతడు సుమారు 300 మైళ్లు కారు తోలెను.

సగము దారి దాటిన పిదప మనకు తెలిసిన చెట్టు ఒకటియు కనబడదు. ఎఱ్ఱని నేల, ఎఱ్ఱని మెట్టలు, మోకాలెత్తు తుప్పలు, మైళ్లకు మైళ్లు ఎడముగా నొక ఇల్లు. ఏడాది మొత్తముమీద అచ్చట పడు వాన తొమ్మిది పది అంగుళములు. మనకు ఒక్క తుపాను దినమున అంత కురియుట కలదు. నవాహోల భూమిలో ప్రవేశించుటతోడనే నా చేతి గడియారము ఒక గంట వెనుకబడినది. వేసవిలో గడియారములను ముందునకు త్రిప్పు ఆచారమును అరిజోనా రాష్ట్రము పాటింపదు, నవాహోలు పాటింతురు. ఒకే రాష్ట్రమున రెండు కాలములు! మా అమ్మాయి, "నాన్నగారూ, ఇది వారి దేశము, వారి గడియారము" అనెను.

లోయ ముఖద్వారమున చిన్‌లీ అను చిన్న ఊరున్నది. నీరు వెలికివచ్చు చోటని ఆ పేరునకర్థము. లోయ అడుగునకు దిగవలెనన్నచో అనుమతి గల నవాహో మార్గదర్శి వెంట నుండవలెను. మాకు లభించినవాడు నా యీడువాడే. మొదట తన్ను తాను పరిచయము చేసికొన్నాడు. ఎట్లనగా, తన తల్లి వంశము, తండ్రి వంశము, తల్లికి తండ్రి వంశము, తండ్రికి తండ్రి వంశము, ఈ నాలుగును వరుసగా చెప్పెను. మా అమ్మాయి తెలుగు చేసి చెప్పుచుండగా నాకు రోమాంచమైనది. నేను లేచి, చెవులు తాకి, నా ప్రవర చెప్పితిని. అతడు తల యూపి, మీలో ఒకే వంశమువారు పెండ్లాడుదురా అని యడిగెను. ఆడరని చెప్పితిని. తమలోను అంతేయని నవ్వెను. ఆ తరువాత మా యిరువురికి దుబాసి అవసరము కొంత తగ్గినది.

లోయలోనికి వేరు బాట లేదు. ఏటి అడుగే బాట. ఆ మాసమున ఏరు ఎండియున్నది. తూర్పు కొండల మంచు కరగునపుడును, వేసవి చివర వానలు పడునపుడును మాత్రము పారునట. జీపు ఇసుకలో ఈదుచు పోవుచుండ, ఇరుప్రక్కల గోడలు మొదట ముప్పది అడుగులకు మించి లేవు. మన ఊరి తాటిచెట్టంత. ఒక మలుపు తిరిగితిమి, నూరు అడుగులు. ఇంకొక మలుపు, మూడు వందలు. లోనికి పోను పోను అవి వేయి అడుగులు దాటునట. గండికోటలో పెన్నకిరువైపుల నున్న గండిని చూచినవారు మీలో కలరు. ఆ గోడలను ఇంకను ఎత్తు పెంచి, ఉలితో చెక్కినట్లు నునుపుచేసి, కావిరంగు పూసి, అడుగున నీటికి బదులు పచ్చిక బయలును పెట్టి ఊహించుకొనుడు. పై అంచునుండి నల్లని చారలు సిరా ఒలికినట్లు దిగియున్నవి. రాతిలోని ఇనుమును మాంగనీసును వాన నీటితో కూడి వేసిన పూత యది.

అది ఇసుకరాయి. సుమారు 28 కోట్ల సంవత్సరముల క్రిందట గాలి కుప్పవేసిన ఇసుక తిన్నెలే బిగిసి రాయియైనవి. గోడలలో ఏటవాలుగా కనబడు పొరలను చూపి, ఆనాడు గాలి ఎటునుండి వీచెనో వానినిబట్టి చెప్పవచ్చునని మా మార్గదర్శి చెప్పెను. నేను చేయి పెట్టి రుద్దగా రేణువులు అరచేతిలో రాలినవి. ఇసుక రాయియై, రాయి మరల ఇసుకయై కాళ్లక్రింద పారుచున్నది. ఒకచోట జీపు నిలిపి అతడు ఏటి ఇసుకలో జానెడులోతు త్రవ్వెను. తేమ తగిలినది. మరికొంత త్రవ్వగా నీరూరినది. చెలమ! ఇంత దూరము పోయి నేను గుర్తుపట్టిన వస్తువు అదియే. ఆ గోడలు నీరును దాచును, ఆ నీరు మొక్కజొన్నను, గుమ్మడిని, చెట్లను పెంచును. ఎడారి నడుమ ఆ లోయ ఒక పెరడు. ఒడంబడికలో దానికొరకు ఎవరు పట్టుబట్టిరో అప్పుడు సగము తెలిసినది.

ఆ పెరటిలో మనుష్యులు వేలయేండ్లనుండి యున్నారు. నవాహోలకు పూర్వమున్నవారు గోడల నడుమ గుహలలో ఇండ్లు కట్టిరి. అందు ధవళగృహమను పేర పరగు దానిని, 11వ శతాబ్దమున మొదలిడి సుమారు రెండు వందల సంవత్సరములు వాడుకొనిరి. నేలనుండి నిచ్చెనకందని ఎత్తున, పిచ్చుక గూడువలె, సున్నపు గోడతో నేటికిని నిలిచియున్నది. ఆ ఇండ్లలోనికి పోనీయరు, పోవలెనని అడుగుటయు మర్యాద కాదట. వేరొక శాఖ చివర రెండు స్తంభములు లోయ అడుగునుండి నిటారుగా లేచియున్నవి. పెద్దదాని ఎత్తు సుమారు 750 అడుగులు. సాలెపురుగు రూపముగల ఒక దేవత దాని కొనపై వసించుననియు, నవాహో స్త్రీలకు నేత నేర్పినది ఆమెయే యనియు వారి నమ్మిక. మన పద్మశాలీయ సోదరులు భావనాఋషిని తలచుకొన్నట్లే వారామెను తలచుకొని మగ్గము నెక్కింతురట. దీనిని గూర్చి చెప్పవలసినది చాల గలదు గాని, నా త్రోవ వేరు.

ఈ లోయకు ఒక శాఖ యున్నది. దానికి శవముల లోయ యని స్పానిషు భాషలో పేరు పెట్టిరి. ఆ గోడపై నొక చిత్రము. టోపీలును పొడుగు అంగీలును ధరించి, తుపాకులు పట్టి, గుఱ్ఱములమీద బారులుతీరి వచ్చుచున్న సైనికులు. గీసినవారు నవాహోలు. పొట్టి గీతలు, రెండు మూడు రంగులు, అంతే. ఐనను గుఱ్ఱముల డెక్కల చప్పుడు వినబడినట్లుండును. అది 1805 జనవరిలో స్పెయిను సేనాని నర్బోనా నడిపించిన దండయాత్ర చిత్రమని చెప్పుదురు.

ఆ దండయాత్రలో ఏమి జరిగెను? ఇచ్చటనే నా కథ మొదలగుచున్నది. సైన్యము వచ్చుచున్నదని తెలిసి నవాహోలు గోడమీద ఎత్తుననున్న ఒక గుహలో దాగిరి. నర్బోనా తన పైయధికారికి పంపిన నివేదికలో మృతుల లెక్క యున్నది. యోధులు 90, స్త్రీలును పిల్లలును 25, వెరసి 115. రుజువుగా చెవులను గూడ కోసి పంపెను. లెక్క పక్కా. నవాహోలు చెప్పుకొను లెక్క వేరు. వారి పురుషులు ఆ దినమున వేటకు పోయియుండిరట. గుహలోనున్నవారు స్త్రీలు, పిల్లలు, నడువలేని ముసలివారు. పూర్వము స్పెయినువారి యొద్ద బానిసయై మసలిన ఒక వృద్ధురాలు కోపము పట్టలేక పైనుండి తిట్లు లంకించుకొనగా ఆ గుహ జాడ తెలిసిపోయెనట. ఒక స్త్రీ పైకెక్కివచ్చిన సైనికుని కౌగిలించి పట్టుకొని అతనితో కూడ క్రిందికి దూకెను. ఇరువురు పడిన చోటని ఆ స్థలమునకు వారి భాషలో నేటికిని పేరు. గుహ గోడలపై గుండ్ల గంట్లు ఇంకను కలవు.

ఒక్క దినము, ఒక్క గుహ, రెండు లెక్కలు. ఒకటి కాగితముమీద, ఒకటి నోటిమీద. కాగితము రాజధాని చేరి భద్రముగా నిలిచినది. నోటిలెక్క మా మార్గదర్శి అవ్వనుండి అతనికి వచ్చినది. మీరు దేనిని నమ్ముదురని అతడు నన్నడుగలేదు. నేనే అడుగుకొంటిని. మూడు తరములనుండి కాగితమునే నమ్మి అన్నము తిన్న యింటివాడను. మా తండ్రిగారు కరణీకము చేసిరి, మా తాతగారు చేసిరి. 1984లో కరణీకములు రద్దయినవి. పిమ్మట వేరు పేరుతో వచ్చిన కొలువులో నేనును ఆ గ్రామ లెక్కలనే వ్రాయుచున్నాను. మా యింట నోటిమాటకు విలువ లేదు. వ్రాసినదే ఉన్నది, వ్రాయనిది లేదు.

తరువాతి మాట ఇంకను కఠినము. 1864లో అమెరికా సైన్యము కిట్ కార్సన్ అను సేనాని క్రింద ఈ లోయపైకి వచ్చినది. జనవరిలో మంచు పడుచుండ సైనికులు లోయ ఈ కొననుండి ఆ కొనకు నడచిరి. ఎదిరించినవారు కొందరు, లొంగినవారు పెక్కుమంది, ఒక నిట్టనిలువు బండపైకి నిచ్చెనలతో ఎక్కి, నిచ్చెనలు లాగికొని, రాత్రులయందు త్రాళ్లతో నీరు తోడుకొని నిలిచినవారు కొందరు. మనుష్యులు తిరిగి వచ్చి బ్రదుకకుండుటకై ఇండ్లు, పంటలు, మందలు నాశనము చేయుట ఆ యుద్ధపు పద్ధతి. ఆ వేసవిలో జాన్ థాంప్సన్ అను కాప్టెనును మరల పంపిరి. అతనికప్పగించిన పనులలో ముఖ్యమైనది పీచ్ చెట్లను నరకుట.

పీచ్ అనునది మన దేశమున కొండప్రాంతముల పండు. తొక్కపై సన్నని నూగు, లోపల తియ్యని గుజ్జు, నడుమ మామిడికివలె గట్టి టెంక. స్పెయినువారివలన ఆ దేశమునకు వచ్చి, నవాహోల చేతిలో ఆ లోయయంతట తోటలైనది. ఎండబెట్టి శీతకాలమునకు దాచుకొందురు. థాంప్సన్ ఏ దినమున ఎన్ని చెట్లు నరికించెనో దినవారీగా వ్రాసిపెట్టినాడు. ఇచ్చట ఇన్ని వందలు, అచ్చట ఇన్ని వందలు, వెరసి వేలు. అవి కాపుమీదనున్న మేలి చెట్లని గూడ తానే వ్రాసికొన్నాడు.

ఆదిపర్వము కడపటి ఖాండవదహనమును చదివినపుడెల్ల నాకు ఒక సందేహముండెడిది. ఆ మంటలో చావక మిగిలిన ప్రాణులు ఆరు. మయుడు, అశ్వసేనుడు, నాలుగు శార్ఙ్గక పక్షిపిల్లలు. ఆ లెక్క మహాభారతమున స్పష్టముగా నున్నది. కాలిపోయినవాని లెక్క యెచ్చట? కవి దానిని వ్రాయలేదు. వ్రాయగూడదని వ్రాయలేదో, వ్రాయ శక్యముగాక వ్రాయలేదో నేనెరుగను. థాంప్సన్ వ్రాసెను. నరికినవాడే లెక్క వ్రాసికొన్నాడు. అతని లెక్కవలననే ఆ తోటల విస్తారము లోకమునకు తెలిసినది. ఈ చిక్కు నాకింకను విడలేదు.

పట్టుబడినవారిని, లొంగినవారిని, 300 మైళ్లకు పైగా తూర్పునకు నడిపించిరి. న్యూ మెక్సికోలో పేకస్ నది యొడ్డున ఒక మైదానము. మొత్తము ఎనిమిది వేలకు పైబడిన జనము. నీరు చవుడు, పంట పురుగులపాలు, వంటచెరకు లేదు. నాలుగేండ్లలో రెండు వేలమందికి పైగా మరణించిరని అంచనా. 1868 మే నెలాఖరున జనరల్ షెర్మన్ మాటలాడుటకు వచ్చి, వారిని ఇంకొక ప్రాంతమునకు, నేటి ఓక్లహోమా వైపు, పంపుట మేలుగదాయని సూచించెను. నవాహోల పక్షమున మాటలాడిన నాయకుడు బార్బొన్సీతో. ఈ లోయలోనే పుట్టినవాడు. వేరు భూమి ఎంత మంచిదైనను తమకు వలదు, తమ దేశమునకే పోనిండనెను. ఉద్యోగపర్వమున ఐదూళ్లడిగినవారికి, ఐదవ యూరు ఏదైనను సరియే యను వెసులుబాటుండెను. ఈతనికి అదియు లేదు. తన లోయయే కావలెను. హద్దుల ప్రకరణములోని ఆ షరతును చదివినపుడు నేను ఊహించిన పట్టుదల, నా మట్టుకు, ఈతనిదే. జూన్ 1న ఒడంబడిక వ్రాలైనది. ఆ నెలలోనే వారు ఇంటిదారి పట్టిరి.

ఆ ఒడంబడికను మరల చదివితిని. ఇంటికి తిరిగిపోవు జాతికి ప్రభుత్వమిచ్చునవి లెక్కగా వ్రాసియున్నవి. గొర్రెలు, మేకలు కలిసి 15,000. పశువులు 500. మొక్కజొన్న 10 లక్షల పౌనులు. కుటుంబ యజమాని ఎవరైన సేద్యమునకు 160 ఎకరములకు మించకుండ భూమి ఎన్నుకొన్నచో, దానిని నవాహో భూమి పుస్తకమను పేరుగల పుస్తకమున నమోదు చేయవలెనని ఒక ప్రకరణము. అమెరికాలో నొక అడంగలు! చదివి ఉప్పొంగిపోయితిని. పీచ్ చెట్ల మాట మాత్రము అందొక్కటియు లేదు.

నేటి స్థితి చెప్పెదను. 1931లో ఆ లోయను జాతీయ స్మారకచిహ్నముగా ప్రకటించిరి. విస్తీర్ణము సుమారు 84,000 ఎకరములు. నిర్వహణము కేంద్రప్రభుత్వపు ఉద్యానవనశాఖది. భూమి యావత్తు నవాహో జాతిది. లోపల నేటికిని కొన్ని పదుల కుటుంబములు సేద్యము చేసికొనుచున్నవి, గొర్రెలు మేపుకొనుచున్నవి. నా భాషలో చెప్పవలెనన్నచో, పట్టాదారు గడిలో ఒక పేరు, అనుభవదారు గడిలో ఒక పేరు, రిమార్కుల గడిలో ప్రభుత్వము. ఇట్టి సర్వేనంబరు మన ఊరిలో నున్నచో నాకు నిద్రపట్టదు. అచ్చట నడచుచున్నది.

మధ్యాహ్నమున మా మార్గదర్శి తన తల్లి పొలము దగ్గర జీపు నిలిపెను. వారిలో భూమి సాధారణముగా తల్లినుండి కూతునకు పోవును. ఈ పొలము తన అక్కగారికి వచ్చునని చెప్పెను. మొక్కజొన్న కోసిన మోళ్లు, కఱ్ఱలతో అల్లిన దడి, దడి ప్రక్కను వంకరపోయిన చెట్లు ఏడెనిమిది. పీచ్ చెట్లు. కాపు కాలము గడచినది, ఆకు పండుబారినది. నరికిన మోళ్లలో కొన్ని చిగిర్చెననియు, తిరిగి వచ్చినవారు టెంకలు నాటిరనియు తన అవ్వ చెప్పినదట. ఈ చెట్లు ఆ టెంకల సంతతి. నేనలవాటుకొద్ది వ్రేలితో లెక్కించుచుంటిని. ఒకటి, రెండు, మూడు... నాలుగవ చెట్టు ఎండిపోయినట్లు కనబడినది. దానిని వదలి ఐదవదానికి వ్రేలు త్రిప్పితిని. అతడు చూచి, "అదియు కాయును. ఈ యేడు కాయలేదు, అంతే" అనెను.

సోదరులారా, ఆ మాటకు నాకు కాళ్లు ఆడలేదు. ఆ మాటను నేను పూర్వము విన్నాను. మన ఊరిలోనే విన్నాను.

సుమారు ఇరువది సంవత్సరముల క్రిందట ఒక పనికై కొంత భూమి తీసికొనవలసి వచ్చెను. ఏ పనియో, ఏ కచ్చేరి చేసినదో చెప్పను. చెట్లకు నష్టపరిహారము కట్టుటకు పట్టిక వ్రాయుపని నాది. చెట్టు జాతి, చుట్టుకొలత, వయస్సు, కాపున్నదా లేదా, ఇవి గడులు. ఒక ముసలమ్మ తోటలో పదునొకండు మామిడిచెట్లు. ఆమె పేరు చెప్పను. ఆమె మనుమలు ఈ సభలో నున్నారు. మామిడి సంగతి మీరెరుగుదురు. ఒక యేడు విరగకాయును, మరుయేడు ఊరకుండును. అది ఊరకుండు యేడు. నాలుగు చెట్లకు మాత్రము కాయలున్నవి. నేను నాలుగు కాపు చెట్లు, ఏడు కాపులేని చెట్లు అని వ్రాసితిని. ముసలమ్మ దగ్గరకు వచ్చి, "నాయనా, అవియు కాయును గదా. ఈ యేడు కాయలేదు, అంతే. నిరుడు మీ యింటికి రెండు తట్టలు పంపితిని, మరచితివా?" యని యడిగెను.

మరువలేదు. ఆ పండ్ల రుచి కూడ జ్ఞప్తియందున్నది. కాని కంటికి కనబడినది వ్రాయుట నా పని యనుకొంటిని. కనబడనిది వ్రాసినచో రేపు పైవారు వచ్చి చూచి ప్రశ్నింతురేమోయని భయపడితిని. పంచనామా పూర్తియైనది, సాక్షులు వ్రాళ్లు చేసిరి. ఆమె వ్రేలిముద్ర వేసెను. కాపులేని చెట్టుకు కట్టు వెల కట్టెలకు కట్టు వెలయే. ఆమెకు రావలసిన దానిలో సగము కూడ రాలేదు. ఆమె నన్నెన్నడు తిట్టలేదు. ఎదురుపడినపుడు, "అమ్మాయి బాగున్నదా, నాయనా?" యని అడిగెడిది. కొన్నాళ్లకు గతించెను.

ఇన్నేండ్లు నేను ఆ పట్టికను తప్పని అనుకొనలేదు. అందొక్క అబద్ధపు అక్షరము లేదు. ఎవరు తనిఖీ చేసినను నిలుచును. ఆ లోయలో పీచ్ చెట్టు క్రింద నిలిచినపుడు థాంప్సన్ మనసున మెదలెను. శత్రువై వచ్చి గొడ్డలితో నరికినవాడు కాపు చెట్టును కాపు చెట్టనియే వ్రాసెను. ఇరుగుపొరుగువాడనై, ఆమె పండ్లు తినినవాడనై, నేను కాపు లేదని వ్రాసితిని. మా అమ్మాయి, "నాన్నగారూ, ఎండ తగిలినదా?" యని నీళ్లిచ్చెను. అవునంటిని. ఆ వేళకు నా కదియే అబద్ధము.

తిరుగు దారిలో పై అంచున కారాపి క్రిందికి చూచితిమి. అంత ఎత్తునుండి ఆ పొలము అరచేయియంత. చెట్లు ఆవగింజలంత. అక్కడనుండి చూచి ఎవడును కాపు లెక్క వ్రాయజాలడు. అన్నట్లు, ఫీనిక్సు చేరువరకు నా గడియారమును సరిచేసికొనుట మరచితిని.

ఊరికి వచ్చిన పిదప ఆ పట్టికను సవరించు త్రోవ యున్నదాయని విచారించితిని. లేదు. ఆ దస్త్రము ఎప్పుడో మూతపడినది. ఆమె మనుమల యింటికి పోయి జరిగినది చెప్పితిని. పెద్దవాడు, "పోనిండు బాబాయిగారూ, మా నాయనమ్మ ఎప్పుడును ఆ మాట ఎత్తలేదు" అనెను. అది నాకు ఓదార్పు కాలేదు.

నేడు ఈ రజతోత్సవమున గ్రంథాలయమునకు కొందరు పుస్తకములిచ్చిరి, కొందరు ధనమిచ్చిరి. నేను ఒక ఖాళీ పుస్తకమును తెచ్చితిని. నాలుగు వందల పుటల లెక్కల పుస్తకము, అట్ట గట్టిది. సర్కారు లెక్కలకెక్కని వానిని ఇందులో వ్రాయవలెనని నా కోరిక. ఏ పొలమున ఏ చెట్లుండెనో, ఏ దిగుడుబావి నీరు తియ్యగా నుండెనో, ఏ వాన కాలమున ఎవరి గోడ కూలెనో, చూచినవారు నోటితో చెప్పినట్లే వ్రాయవలెను. ఇద్దరు రెండు విధములుగా చెప్పినచో రెండును వ్రాయవలెను. శని ఆదివారముల సాయంకాలము నేను ఈ బల్లదగ్గర కూర్చుండి వ్రాసిపెట్టుదును. చదువు రానివారు మొదట రావలెనని మనవి.

మొదటి పుట వ్రాసి తెచ్చితిని. తోట యజమానురాలి పేరు అందున్నది. మామిడిచెట్లు 11. కాపు చెట్లు 11. అందు చిన్నరసములు 4, బంగినపల్లి 3, కొత్తపల్లి కొబ్బరి 2. మిగిలిన రెండింటి రకము నాకు జ్ఞప్తికి రాలేదు. బావి గట్టుమీద ఉండెడివి. తెలిసినవారు సభ ముగిసిన పిదప నాకు చెప్పవలెను. ఆ గడి ఖాళీగా నుంచితిని.